ఆరణాల కూలీ అంజయ్య గారిని ఆ ఒక్క రోజుతోనే గుర్తుపెట్టుకోవాలా?

చిక్కడపల్లి చదువరి

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మా పాపను లుంబినీ పార్కుకు తీసుకెళ్లాను. ఎనిమిదేళ్లు దానికి. ఇప్పుడిప్పుడే కనిపించిన బోర్డల్లా కూడబలుక్కుని చదువుతోంది. 'టి. అంజయ్య లుంబినీ పార్కు' అన్న పేరు చదివి "టి. అంజయ్య ఎవరు నాన్నా?" అంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చేశారని చెప్పాను. "ఏం చేశారు?" అని మళ్లీ అడిగింది. అక్కడ ఆగిపోయాను. నాకు గుర్తొచ్చింది ఒక్కటే, 1982లో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ ఆయన్ని అందరి ముందూ కసురుకున్న సంగతి. దాన్ని పిల్లకు చెప్పబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చాక కూర్చుని చదివాను. 1919లో పుట్టారు. కుటుంబ మూలాలు అప్పటి మెదక్ జిల్లా భానూరులో. సుల్తాన్ బజార్ హైస్కూల్లో చదువు. ఆ తర్వాత హైదరాబాద్ ఆల్విన్ ఫ్యాక్టరీలో రోజుకు ఆరణాల కూలీ. అక్కడి నుంచి కార్మిక నాయకుడు, ముషీరాబాద్ ఎమ్మెల్యే, జలగం వెంగళరావు మంత్రివర్గంలో కార్మిక మంత్రి, కేంద్రంలో కార్మిక శాఖ సహాయ మంత్రి, 1980 అక్టోబరులో ముఖ్యమంత్రి. ఇంత జీవితం ఉంటే మా తరానికి మిగిలింది ఒక విమానాశ్రయం, కొన్ని జోకులు. ఎందుకిలా? ఆయన్ని చూసినవాళ్లు, ఆ రోజుల్లో ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పాపకు చెప్పడానికి నాకు ఏదైనా కావాలి.

పాత పేపర్లు

జోకులు ఎందుకు మిగిలాయో చెబుతాను, నొచ్చుకోకండి. 61 మందితో మంత్రివర్గం కట్టిన ముఖ్యమంత్రి ఆయన. జంబో కేబినెట్ అనే మాట మన రాష్ట్రంలో అప్పుడే ఇంటింటికీ తెలిసింది. అడిగినవాళ్లకల్లా మంత్రి పదవి. తర్వాత ఢిల్లీ కోప్పడితే కొందర్ని తీసేయాల్సి వచ్చింది. మంచి మనిషే, ఎవరూ కాదనరు. కానీ రాష్ట్రాన్ని నడపడానికి మంచితనం ఒక్కటీ చాలదు. గట్టిగా "లేదు" అని చెప్పడం తెలియాలి. 1978 నుంచి 1983 దాకా నలుగురు ముఖ్యమంత్రులు మారారు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఆ గందరగోళంలో ఈయనదీ ఒక భాగమే.

రెండో షిఫ్టు

పాత పేపర్లు గారూ, మీరు చెప్పిన లెక్క తప్పు కాదు. కానీ ఆ 61 వెనక ఏముందో నాలాంటివాడు చెబితేనే బాగుంటుంది. నేను ఆజమాబాద్ పారిశ్రామికవాడలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఫ్యాక్టరీ పేరు వద్దు. ఇప్పుడది లేదు కూడా.

యూనియన్ కమిటీ ఎట్లా వేస్తారో చూడండి. ఫ్యాక్టరీలో ఫౌండ్రీ (లోహం కరిగించి పోతపోసే చోటు) ఉంటుంది, మెషిన్ షాపు ఉంటుంది, పెయింట్ షాపు ఉంటుంది, మెయింటెనెన్స్ ఉంటుంది, గేటు దగ్గర వాచ్‌మెన్లు ఉంటారు, క్యాంటీన్ వాళ్లుంటారు. కమిటీలో వీళ్లందరి మనుషులూ ఉండాలి. ఫౌండ్రీ వాళ్లను వదిలేసి సెటిల్‌మెంట్ మీద సంతకం పెట్టావనుకో, తెల్లారేసరికి ఫౌండ్రీ వాళ్లు పని ఆపేస్తారు. అందుకే ఉపాధ్యక్షులు నలుగురు, సహాయ కార్యదర్శులు ఆరుగురు, ఎవరికో ఒకరికి ఏదో ఒక హోదా. బయటినుంచి చూస్తే నవ్వొస్తుంది. లోపలున్నవాడికి తెలుసు, ఆ హోదా ఉన్నందుకే అతను తన సెక్షన్‌లో పాతికమందిని ఒప్పిస్తాడని. అంజయ్య గారు జీవితమంతా చేసిన పని అదే. ఎవర్నీ గేటు బయట నిలబెట్టకుండా అందర్నీ లోపలికి పిలవడం. ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఆయనకు తెలిసిన విద్య అదే. సచివాలయంలో అది పనిచేయలేదు, ఒప్పుకుంటాను. కానీ అది చేతకానితనం కాదు. ఒకచోట పనికొచ్చిన పనిముట్టు ఇంకోచోట పనికి రాలేదు, అంతే.

చదువరి తమ్ముడూ, మీ పాపకు ఆరణాలంటే ఏమిటో ముందు చెప్పు. రూపాయికి పదహారు అణాలు. ఆరణాలంటే ఇప్పటి లెక్కలో 37.5 పైసలు. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా ఒక రోజు పనికి అది.

చిక్కడపల్లి చదువరి

అన్నా, చాలా థాంక్స్. ఇది నాకెక్కడా దొరకలేదు. గేటు మీటింగ్ అంటే ఎట్లా ఉండేదో కూడా చెప్పరా?

రెండో షిఫ్టు

మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగే టైమూ, రెండో షిఫ్టు ఎక్కే టైమూ ఒకటే. గేటు ముందు రెండు షిఫ్టుల జనం కలిసేది ఆ ఇరవై నిమిషాలే. నాయకుడికి దొరికేదీ ఆ ఇరవై నిమిషాలే. సైరన్ మోగుతుంది. దిగేవాళ్ల చేతులకింకా గ్రీజు ఉంటుంది, సైకిల్ హ్యాండిల్‌కు ఖాళీ టిఫిన్ డబ్బా వేలాడుతుంటుంది. ఎక్కేవాళ్ల డబ్బాలో అన్నం ఇంకా వెచ్చగానే ఉంటుంది. చాయ్ బండి దగ్గర్నుంచి స్టూలు తెచ్చి వేస్తారు. నాయకుడు దానిమీదకెక్కి చేతిమైకు పట్టుకుంటాడు. పెద్ద పెద్ద మాటలు మాట్లాడితే జనం సైకిలెక్కి వెళ్లిపోతారు. "బోనస్ ఎంత, ఎప్పుడిస్తరు, మేనేజ్‌మెంట్ ఏమన్నది" ఈ మూడూ చెప్పాలి. అబద్ధం చెబితే దొరికిపోతాడు, ఎందుకంటే రేపు మళ్లీ అదే గేటు, అదే స్టూలు, అవే ముఖాలు.

మేం అడిగినవి కూడా ఈ రోజుల్లో చిన్నవనిపిస్తాయి. చేతులు కడుక్కోవడానికి నెలకు సబ్బులు. ఏడాదికి రెండు జతల ఖాకీ బట్టలు. దుమ్ము లేచే సెక్షన్‌లో పనిచేసేవాళ్లకు రోజూ బెల్లం ముక్క. ఆ బెల్లం కోసం మా దగ్గర మూడు నెలలు చర్చలు నడిచాయి. ఒప్పుకున్న రోజు మా నాయిన (ఆయనా అక్కడే చేసేవాడు) తన వాటా బెల్లం కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చి మా చెల్లెలి చేతిలో పెట్టాడు. తను తినాల్సింది, దుమ్ముకు మందని ఇచ్చింది. ఇంటికి తెచ్చేశాడు.

అంజయ్య గారిని నేను రెండుసార్లు చూశాను, మాట్లాడలేదు. కాబట్టి లేనిది కల్పించి చెప్పను. మా పెద్దవాళ్లు చెప్పే మాట మాత్రం ఒకటే: మనలోంచే పోయిండు, మన భాషలోనే మాట్లాడతడు.

లేబర్ కోర్టు వకీలు

ఇక్కడ చట్టం సంగతి కొంచెం కలుపుతాను, ఎందుకంటే కార్మిక నాయకులు నగర రాజకీయాల్లోకి ఇంతమంది ఎందుకొచ్చారో దాంతో తెలుస్తుంది.

1926 ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టర్ చేసుకునే వీలుండేది. ఆఫీస్ బేరర్లలో సగం మంది దాకా ఆ పరిశ్రమలో పనిచేయని బయటివాళ్లు కూడా ఉండే వీలుండేది. అలా ఎందుకు పెట్టారంటే, లోపలి కార్మికుడు గొంతెత్తితే ఉద్యోగం పోతుంది. బయటివాడిని పనిలోంచి తీసేయలేరు. అందుకని వకీళ్లు, డాక్టర్లు, పార్టీ కార్యకర్తలు పది ఫ్యాక్టరీలకు ఒకరే అధ్యక్షులయ్యారు. డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్ వైద్యం చదివి కార్మికోద్యమంలోకి వచ్చారు. మఖ్దూం మొహియుద్దీన్ సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన కవి. 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ మొదలైనప్పుడు ముందున్నది వీళ్లే. 1952 తర్వాత గౌర్ రాజ్యసభకు, మఖ్దూం హుజూర్‌నగర్ నుంచి అసెంబ్లీకి వెళ్లారు. 2001 సవరణతో సంఘటిత రంగంలో ఈ బయటివాళ్ల సంఖ్యను మూడో వంతుకో ఐదుగురికో, ఏది తక్కువైతే దానికి కుదించారు.

అంజయ్య గారి ప్రత్యేకత ఇక్కడే ఉంది. ఆయన బయటినుంచి వచ్చిన నాయకుడు కాదు. మెషిను ముందు నిలబడి కూలీ తీసుకున్నవాడు. ఆ దారిలో ముఖ్యమంత్రి కుర్చీ దాకా వెళ్లినవాళ్లు దేశంలోనే చాలా తక్కువ.

బెజవాడ బండి

మా ఊరి మాట కూడా ఒకటి. 1981లో విజయవాడ మున్సిపల్ కార్పొరేషన్‌కు ఎన్నికలు జరిగి, కమ్యూనిస్టు టి. వెంకటేశ్వరరావు గారు తొలి మేయర్ అయ్యారు. రిక్షా కార్మికులు, ముఠా కూలీలు, కొండమీద గుడిసెల వాళ్లు ఆ గెలుపు వెనక ఉన్నారని మా నాన్నగారు చెబుతుండేవారు. అదే ఏడాది విశాఖలో బీజేపీకి చెందిన ఎన్.ఎస్.ఎన్. రెడ్డి గారు మేయర్ అయ్యారు. పంచాయతీ ఎన్నికలూ చాలా ఏళ్ల తర్వాత ఆ ఏడాదే జరిగాయి. ఈ ఎన్నికలన్నీ జరిగినప్పుడు ముఖ్యమంత్రి ఎవరండీ? అంజయ్య గారే. తన పార్టీ ఓడిపోయే ఊళ్లు ఉన్నాయని తెలిసీ ఎన్నికలు జరిపించారు. ఎన్నికలు వాయిదా వేయడం ఎంత తేలికో ఆ తర్వాత చాలాసార్లు చూశాం. ఆ ఒక్క పనికైనా ఆయనకు దండం పెట్టాలి.

పాత పేపర్లు

బండి గారూ, అది నిజమే. ఒప్పుకుంటున్నాను. ఎన్నికల సంగతి నేను రాయకుండా ఉండాల్సింది కాదు.

రాంనగర్ ఆడపడుచు

అందరూ ఆయన గురించే రాస్తున్నారు. ఆయన భార్య మానెమ్మ గారి మాట ఎవరూ ఎత్తలేదు. ముషీరాబాద్ కథ ఆవిడ లేకుండా పూర్తి కాదు.

ఒకసారి వరసగా చూడండి. 1978 ఎన్నికల్లో అంజయ్య గారు ముషీరాబాద్‌లో ఓడిపోయారు. ఓడించింది జనతా పార్టీ నుంచి పోటీ చేసిన నాయిని నర్సింహారెడ్డి గారు. ఆయనా కార్మిక నాయకుడే, సోషలిస్టు, హింద్ మజ్దూర్ సభ మనిషి. నల్గొండ జిల్లా నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీ కార్మికుల మధ్య ఎదిగారు. అంటే ఒక కార్మిక నాయకుడి మీద ఇంకో కార్మిక నాయకుడు గెలిచారు. మా వీధుల్లో ఆ రోజుల్లో ఒకే ఇంట్లో తండ్రి ఒక యూనియన్, కొడుకు ఇంకో యూనియన్. భోజనాల దగ్గర గొడవలు. అయినా బోనస్ రోజు అందరూ కలిసే మిఠాయి పంచుకునేవాళ్లు.

అంజయ్య గారు 1986 అక్టోబరులో పోయారు. అప్పటికి సికింద్రాబాద్ ఎంపీ. 1987 ఉప ఎన్నికలో మానెమ్మ గారు ఆ సీటులో గెలిచి పార్లమెంటుకు వెళ్లారు. ఇక అసలు విషయం. 2004లో నాయిని గారు టీఆర్ఎస్ నుంచి మళ్లీ ముషీరాబాద్ ఎమ్మెల్యే అయ్యారు. 2008లో తెలంగాణ కోసం రాజీనామా చేశారు. ఉప ఎన్నిక వచ్చింది. ఆయన మీద కాంగ్రెస్ ఎవర్ని నిలబెట్టింది? మానెమ్మ గారిని. ఆవిడే గెలిచారు. ముప్పై ఏళ్ల తర్వాత, అదే నియోజకవర్గంలో, భర్తను ఓడించిన మనిషి మీద.

మా అమ్మ ఆ రోజు టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంది. నాయిని గారంటే కోపం ఉండి కాదు, ఆయనంటే మా ఇంట్లో గౌరవమే. తెలంగాణ వచ్చాక ఆయన హోం మంత్రి, కార్మిక మంత్రి కూడా అయితే అమ్మ సంతోషించింది. 2020లో ఆయన పోయినప్పుడూ ఏడ్చింది. ఇద్దరూ మనవాళ్లేగా అనేది.

ఖైరతాబాద్ కుర్రోడు

పి. జనార్దన్‌రెడ్డి గారి పేరు కూడా రావాలి. పీజేఆర్ అంటే మా బస్తీల్లో ఇప్పటికీ ఫొటోకు దండ వేస్తారు. ఆయనా కార్మిక సంఘాల్లోంచే వచ్చారు, కార్మిక మంత్రిగా చేశారు. 1994లో కాంగ్రెస్ చిత్తుగా ఓడినప్పుడు శాసనసభలో ఆ పార్టీ నాయకుడు ఆయనే. అప్పటి ఖైరతాబాద్ నియోజకవర్గం చాలా పెద్దది. 2007 డిసెంబరు 28న పోయారు. గుడిసెల జోలికి ఎవరొచ్చినా ముందు ఆయన అక్కడ కనపడేవారని మా తాత చెప్పేవాడు. యూనియన్ నాయకుడికీ బస్తీ నాయకుడికీ పని ఒకటేనేమో. ఫ్యాక్టరీలో పర్మినెంట్ కోసం, బస్తీలో పట్టా కోసం. రెండూ "నన్ను ఇక్కడినుంచి పంపేయొద్దు" అనే కదా.

రెండో షిఫ్టు

కుర్రోడా, బాగా చెప్పావు బిడ్డా. పట్టా, పర్మినెంట్. నాకు ఇన్నేళ్లలో ఈ మాట తట్టలేదు.

చిక్కడపల్లి చదువరి

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు నన్ను వేధిస్తున్న ఆ విమానాశ్రయం సంగతికి రావాలి. అంత ఎదిగిన మనిషి అలా అవమానపడ్డప్పుడు ఎందుకు ఊరుకున్నారు?

లేబర్ కోర్టు వకీలు

నాకు అర్థమైనంత చెబుతాను. 1982 ఫిబ్రవరిలో రాజీవ్ గాంధీ హైదరాబాద్ వస్తుంటే అంజయ్య గారు మందీ మార్బలంతో, డప్పులతో, దండలతో విమానం దగ్గరికే వెళ్లారు. రాజీవ్ అప్పటికి ఎంపీ, వృత్తిరీత్యా పైలట్. రన్‌వే దగ్గర అంత జనం ఉండటం ప్రమాదమని ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపానికి కారణం ఉంది. చూపించిన పద్ధతికి మాత్రం లేదు. వయసులో తండ్రిలాంటి మనిషిని, ఒక రాష్ట్ర ముఖ్యమంత్రిని అలా అనకూడదు. ఆ నెలలోనే అంజయ్య గారి పదవి పోయింది. మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టారు. తెలుగువారి ఆత్మగౌరవం అనే మాటకు జనం ఎంతగా కదిలారో 1983 జనవరి ఫలితాలు చెప్పాయి.

ఎందుకు ఊరుకున్నారంటారా? ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆయన బలం కిందనుంచి వచ్చింది, చందా కట్టిన కార్మికుల నుంచి. ముఖ్యమంత్రి పదవి పైనుంచి వచ్చింది. 1980లో ఆయన ఎన్నికల్లో జనం ముందు నిలబడి తెచ్చుకున్నది కాదు. ఢిల్లీ చెన్నారెడ్డి గారిని తప్పించి ఈయన్ని కూర్చోబెట్టింది. ఇచ్చినవాళ్లు తీసుకుంటామంటే ఎదురు చెప్పడానికి వెనక గేటు లేదు, స్టూలు లేదు.

రెండో షిఫ్టు

వకీలు సారు చెప్పింది సగం. మిగతా సగం నేను చెబుతా.

డప్పులతో ఎందుకు పోయిండని నవ్వారు కదా. మేం ఎవర్నైనా గౌరవించాలంటే చేసేది అదే. సెటిల్‌మెంట్ గెలుచుకుని లేబర్ ఆఫీసు నుంచి వచ్చిన నాయకుడికి గేటు దగ్గర డప్పు కొడతాం, దండ వేస్తాం, భుజాల మీదకెత్తుకుంటాం. ఆయనకు తెలిసిన మర్యాద అది. తనకు జరిగిన అతి పెద్ద మర్యాదను తన అతిథికి చేశాడు. దాన్ని తప్పు అన్నారు. ఆ రోజు ఆయన కళ్లల్లో నీళ్లొచ్చాయని అందరూ చెప్పుకున్నారు. పేపరు చదివి మా ఫ్యాక్టరీలో వేరే యూనియన్ వాళ్లు కూడా ఆ పూట క్యాంటీన్లో మాట్లాడుకోలేదు. ఆయన యూనియన్‌తో కొట్లాడినవాళ్లే. అయినా ఆ మాట మా అందరికీ పడ్డట్టే అనిపించింది. మేనేజర్ గదిలో పెద్ద వయసు వర్కర్‌ను కుర్ర ఆఫీసరు కసిరితే చూసినవాళ్లం కదా, మాకు కొత్త కాదు.

జోకుల సంగతి. ఆయన ఇంగ్లీషు మీద, మాట మీద వేసిన జోకులు నేనూ విన్నాను. ఒక్కటి కూడా ఇక్కడ రాయను. ఎవరైనా రాస్తే తీసేయమని అడుగుతున్నాను.

పాత పేపర్లు

రాయను సార్. మొదట నేను జోకుల మాట ఎత్తినందుకు బాధగా ఉంది. దానికి బదులు ఒక లెక్క ఇస్తాను, ఉంచుకోండి. 1984 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ గాలి, మన రాష్ట్రంలో మాత్రం ఎన్టీఆర్ గాలి. 42 సీట్లలో తెలుగుదేశానికి 30, కాంగ్రెస్‌కు ఆరే. ఆ ఆరింటిలో ఒకటి సికింద్రాబాద్. గెలిచింది అంజయ్య గారు. పదవి పోయిన మూడేళ్లు తిరక్కముందే, జోకులు ఇంకా నడుస్తుండగానే, ఈ నగర జనం ఆయనకు ఓటేశారు. ఆ ఓట్లు ఢిల్లీ ఇచ్చినవి కావు.

రాంనగర్ ఆడపడుచు

మా అమ్మ ఓటు కూడా అందులో ఉంది.

చిక్కడపల్లి చదువరి

నిన్న రాత్రి పాపకు చెప్పాను. ఆరణాలు చెప్పాను, బెల్లం ముక్క చెప్పాను, స్టూలెక్కి మాట్లాడటం చెప్పాను, మానెమ్మ గారు గెలవడం చెప్పాను. విమానాశ్రయం కూడా చెప్పాను, ఓట్లు వేసి మళ్లీ గెలిపించిన సంగతితో కలిపి. అంతా విని "ఆ బెల్లం చెల్లి తిందా, ఆ తాత తిన్నాడా?" అని అడిగింది. అన్నా, మీరే చెప్పాలి.

రెండో షిఫ్టు

చెల్లెలే తింది తమ్ముడూ. సగం నాకిచ్చింది. మా నాయిన తినలేదు.

వచ్చే ఆదివారం పాపను ఆజమాబాద్ వైపు తీసుకురా. మా ఫ్యాక్టరీ ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి, కానీ గేటు ముందు చాయ్ బండి ఉండేచోట చెట్టు ఇంకా ఉంది. స్టూలు ఎక్కడ వేసేవాళ్లో చూపిస్తా. పొద్దున పదింటికల్లా వస్తే ఎండ ఎక్కకముందే ఇంటికి వెళ్లొచ్చు.